మూతితో చూసే తల్లీ

చుక్కీ, నీ మూతికి మొక్కి మొదలుపెడతాను.

నీ కళ్ళను పొగడని వాళ్ళు లేరు. నేల మీద తిరిగే జంతువుల్లో అంత పెద్ద కళ్ళున్నవి బహు కొద్ది. తల తిప్పకుండానే ఇటు హాలహర్వి బాటనూ అటు గూళ్యం దిక్కు హగరి ఒడ్డునూ ఒక్కసారే చూడగలవు. అయినా నీ ముక్కు కొసన ఏముందో నీకు కనపడదు. కళ్ళు తలకు రెండు పక్కలా ఉన్నదానివి, మూతి ముందరి ఆ కాస్త చోటు నీకు ఎప్పుడూ చీకటే. కొరికే గడ్డిపరకను చూడవు. తాగే నీళ్ళను చూడవు. నీ బిడ్డ పుట్టిన తొలి గడియలో నాకి నాకి ఆరబెట్టావే, ఆ తడి ఒంటిని కూడా నువ్వు మూతితోనే తెలుసుకున్నావు. పెదవుల చుట్టూ బిరుసుగా నిక్కిన ఆ నాలుగు వెంట్రుకలే అక్కడ నీకు చూపు. తెలియనిది ఏది ఎదురైనా మెడ చాచి, ముక్కుపుటాలు విప్పి, ఒంట్లో అన్నిటికన్నా మెత్తని చోటును ముందుకు పంపుతావు. మేమైతే ముందు కర్ర చాపుతాం.

పెళ్ళి ఊరేగింపుకు నిన్ను అడగడానికి ఆదోని నుంచి వచ్చినవాళ్ళు ఒకసారి, ఆ మీసాలు గొరిగిస్తే మొహం నున్నగా ముచ్చటగా ఉంటుందన్నారు. నిన్ను సాకే మా మామ వినలేదు. అంతర్జాతీయ గుర్రపు పోటీలు నడిపే సమాఖ్య కూడా 2021 నుంచి ఆ వెంట్రుకలు గొరిగిన గుర్రాన్ని బరిలోకి రానివ్వడం లేదు. మామకు ఆ నియమం సంగతి తెలియదు. “గుడ్డోడి చేతికర్ర ఇరగ్గొడతారా ఎవురైనా?” అని మాత్రం అన్నాడు.

చేలల్లో వేరుశనగ బుడ్డలు ఊరే రోజులు. దసరా ఇంకా ఎనిమిది దినాలుంది. దేవరగట్టు బన్ని ఉత్సవానికి చుట్టుపక్కల ఊళ్ళల్లో కర్రలు సిద్ధం చేసుకుంటున్నారు. అక్కడి మాళ మల్లేశుణ్ణి మా కన్నడ చుట్టాలు మైలారుడంటారు. గుర్రమెక్కి తిరిగే దేవుడాయన. అందుకే ఆ దినాల్లో బాటన పోయే ముసలమ్మలు నిన్ను చూసి చేతులెత్తి మొక్కుకుంటారు. ఆ సాయంత్రం వాన పడింది. నల్లరేగడి కాళ్ళకు ముద్దలు ముద్దలుగా అంటుకుంటోందని నిన్ను ఇంటికి తోలుకుపోకుండా చేని గట్టునే వదిలాం. దూరం పోకుండా ముందుకాళ్ళకు బంధం వేసింది నేను. ముడి బిగిసిందో లేదో రెండుసార్లు లాగి చూసింది కూడా నేనే.

రాత్రి ఏ జాములోనో ఏదు వచ్చింది. ముళ్ళపంది అని అందరూ అనేదాన్ని మామ ఇప్పటికీ ఏదు అనే అంటాడు. పగలంతా బొరియలో పడుకుని, చీకటి పడ్డాక దుంపలకూ వేళ్ళకూ బయలుదేరే జీవం అది. ఊరిన బుడ్డలంటే దానికి పంచభక్ష్యాలు. అది ముళ్ళు విసురుతుందని చిన్నప్పుడు మాకు చెప్పేవాళ్ళు. విసరదు. పాపం, అది ముందు మర్యాదగా చెబుతుంది. కాలు నేలకేసి కొడుతుంది, గురగురమంటుంది, తోక దగ్గరి గుల్లముళ్ళను గలగలలాడిస్తుంది. అప్పటికీ మీదికొస్తే వెనక్కి తిరిగి, వీపుతోనే దూసుకొచ్చి గుచ్చుతుంది.

ఆ గలగల నీకు ఎలా వినిపించిందో నేను ఊహించుకోగలను తల్లీ. పెళ్ళిళ్ళలో నీ మెడకు గజ్జెల పట్టీ కడతాం. ఆ సవ్వడి వెంట నీకు ఎప్పుడూ మంచే జరిగింది: పూలు, దీపాలు, బెల్లంముక్క. చీకట్లో గజ్జెలు మోగితే నువ్వు మెడ చాచకుండా ఎట్లుంటావు? గుచ్చుకున్నాక ఎగిరి వెనక్కి దుమకబోయి ఉంటావు. కాళ్ళకు నా ముడి ఉంది.

తెల్లవారి చూస్తే గట్టు పక్కన, తల నేలకు వేలాడేసి నిలబడి ఉన్నావు. పై పెదవిలో ఐదు, ముక్కు పక్కన నాలుగు, కుడి ముందుకాలికి గిట్ట పైన రెండు. పదకొండు. నలుపూ తెలుపూ పట్టీలతో, పెన్సిలంత లావున్నవి కొన్ని. మూతి అప్పటికే ఉబ్బి గుమ్మడిపిందెలా అయింది. ఊపిరి తీసిన ప్రతిసారీ సన్నగా ఈల వస్తోంది. గుర్రం మనలా నోటితో ఊపిరి పీల్చలేదు. దానికున్నది ముక్కుదారి ఒక్కటే, ఆ దారి వాచి మూసుకుపోతే నోరెంత పెద్దదైనా ఎందుకూ పనికిరాదు. ఆ ఈల విని మామ మొహం తెల్లబోయింది. నేను బంధం విప్పడానికి కూర్చుంటే వానకు తడిసిన ముడి వేళ్ళకు లొంగలేదు. చివరికి కొడవలితో తెంపాను.

పక్కచేని రైతన్న పరుగున వచ్చాడు. “నడిమికి కోసేస్తే గాలి పోయి మెత్తబడతాయి, అప్పుడు సులువుగా వస్తాయి” అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. మామ ఒక ముల్లును వేలితో ముట్టుకోబోయాడో లేదో నువ్వు వణికిపోయావు. ఇది మా చేతుల పని కాదని పశువైద్యం నంబరు 1962కు ఫోను చేశాం. పశువుల డాక్టరు వచ్చేదాకా మామ నీ పక్కనుంచి కదల్లేదు. తల పైకెత్తి చెట్టుకేసి రుద్దుకోకుండా తాడు వదులుగా పట్టుకుని, “యాడికీ పోను తల్లీ, ఈడే ఉండా” అంటూనే ఉన్నాడు.

డాక్టరు మొదట చెప్పిన మాట, “కొయ్యొద్దు పెద్దాయనా.” కోస్తే గాలి పోవడం కాదు, ముల్లు చీలికలవుతుందట. పట్టుకోవడానికి కాడ మిగలదు, లోపల ముక్క ఎక్కడుందో దొరకదు. మెడలో మత్తుసూది వేశాడు. కాసేపటికి నీ చెవులు రెండూ పక్కలకు వాలాయి, కింది పెదవి జారింది, తల బరువెక్కి మామ భుజం మీదికి వచ్చింది. డాక్టరు నీ చర్మాన్ని ఎడమచేతి రెండు వేళ్ళతో నొక్కిపట్టి, ముల్లు మొదట్లో పటకారు బిగించి, అది దిగిన వాటంలోనే తిన్నగా ఒక్క లాగు లాగాడు. వంచలేదు, మెలిపెట్టలేదు. లోపలికి పోయిన దారే బయటికి వచ్చే దారి. ముల్లు వచ్చిన చోట ఒక్క నెత్తురు చుక్క గుండ్రంగా నిలిచి, మెల్లగా జారింది. స్టీలు పళ్ళెంలో చిన్న చప్పుడు. నేను లెక్కపెట్టాను. ఒకటి.

అమెరికాలో చెట్లెక్కే ముళ్ళపంది ఒకటుంది. దాని ముల్లు కొసకు కంటికి ఆనని కొక్కేలుంటాయి. పీకేకొద్దీ కండను పట్టుకుంటాయి, వదిలేస్తే లోలోపలికి నడుస్తాయి. మన ఏదుముల్లుకు ఆ కొక్కేలు లేవు. కానీ లావు, పొడుగు ఎక్కువ. దిగితే లోతుగా దిగుతుంది, ఆ లోతుకి మన్నునూ మురికినీ మోసుకుపోతుంది. ఆరో ముల్లు వచ్చాక దాని కొస చూశాను. సూదికొస లాగా లేదు, కొంచెం విరిగినట్టు ఉంది. డాక్టరు కూడా వెలుతురుకు పట్టి చూశాడు. ఏమీ అనలేదు. ఆ గాయం చుట్టూ వేలితో చాలాసేపు తడిమాడు.

పళ్ళెంలో ముళ్ళు పోగవుతుంటే నాకు కుమావూ కొండల్లోని ఒక ఆడపులి గుర్తొచ్చింది. ముక్తేశ్వరం అడవిలోది. జిమ్ కార్బెట్ దాని కథ రాశాడు. ముళ్ళపందితో తలపడి ఒక కన్ను పోగొట్టుకుంది. కుడి ముందుకాల్లో యాభై దాకా ముళ్ళు దిగాయి, అంగుళం నుంచి తొమ్మిది అంగుళాల దాకా పొడుగున్నవి. వేటాడలేక, పుండ్లు నాక్కుంటూ గడ్డిలో పడుకున్న ఆ పులి చివరికి 24 మంది మనుషులను చంపింది. ఆ 24 ఇళ్ళ ఏడుపు తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. ఆ పులిని తలుచుకున్నా బరువెక్కుతుంది. దాని ముళ్ళు తీసే చెయ్యి ఈ భూమ్మీద లేదు. నీకు ఒక భుజం ఉంది, తల ఆన్చుకోవడానికి.

మా నేల మీద ఎన్ని గుర్రాలు తిరిగాయో! అరబ్బు దేశాల నుంచి ఓడలెక్కి, గోవా, భట్కళ రేవుల్లో దిగి, కనుమలు దాటి విజయనగరానికి వచ్చినవి. ఆదోని కోట కింద రౌతులను మోసినవి. 1568లో కోట బీజాపురం వశమైన నాడు రెండు పక్కలా నిలబడినవి. వాటి ఒంట్లో దిగిన బాణాలను పొద్దుగూకాక కూర్చుని ఒక్కొక్కటే తీసిన గుర్రపువాళ్ళు కూడా ఉండే ఉంటారు. ఏ రాజు గెలిచాడో శాసనాలు చెబుతాయి. ఆ పటకారు పట్టిన చేతుల పేర్లు ఏ రాతి మీదా లేవు. మామ నీ తల మోస్తూ నిలబడ్డప్పుడు నేను వాళ్ళందరికీ మొక్కుకున్నాను.

పదకొండూ వచ్చాక డాక్టరు ఇంకో సీసా తీశాడు. ధనుర్వాతం రాకుండా. ఆ జబ్బుకు పెంపుడు జంతువుల్లో గుర్రమంత సులువుగా లొంగేది మరొకటి లేదు. దాని విత్తులు మన్నులోనే ఉంటాయి, గుర్రపు లద్దెలోనే ఉంటాయి. లోతైన సన్నని గాయం దొరికితే చాలు. ఒళ్ళు కొయ్యగుర్రంలా బిగిసిపోతుంది, దవడలు పట్టుకుపోతాయి. దాని విరుగుడు ఒంట్లోని రక్తరసంలో పుడుతుందని 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కితసాతో కనిపెట్టారు. ఆ తర్వాత ఆ విరుగుడును గుర్రాల ఒంట్లో పండించడం నేర్చుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డ సైనికులకు పోసిన ప్రాణం గుర్రాలదే. ఈరోజుకీ మన పొలాల్లో నాగుపామో రక్తపింజరో కరిస్తే ఆసుపత్రిలో ఎక్కించే మందు గుర్రపు రక్తరసం నుంచి తీసిందే. చుక్కీ, నీ మెడలోకి దిగిన ఆ మందు కూడా ఎక్కడో, ఏ ఊరిలోనో ఒక గుర్రం ఇచ్చిన నెత్తురు. దాని పేరు మనకు తెలియదు. అది నిన్ను ఎన్నడూ మూతితో పలకరించలేదు.

ఆ సాయంత్రం నలుగురు కుర్రాళ్ళు ఉచ్చు తీసుకుని వచ్చారు, ఏదు బొరియ వెతుకుతామని. మామ గట్టు మీద అడ్డంగా నిలబడ్డాడు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం దాన్ని చంపనివ్వదని నేను చెప్పబోతుంటే, మామ తన మాట తాను చెప్పాడు. “దాని బువ్వ అది తింటా ఉండె. ఈయమ్మ పోయి పలకరించె. తప్పు యాడుందిరా? దాని బొరియలో కూనలుంటాయి, పోండి.” ఆ జంతువులు ఆడా మగా జంట వదలకుండా, పిల్లలతో ఒకే బొరియలో కాపురం ఉంటాయి. గృహ్యసూత్రాల్లో సీమంతం నాడు భర్త భార్యకు పాపట తీసేది కూడా మూడు తెల్లచారలున్న ఏదుముల్లుతోనే. కడుపులో బిడ్డ చల్లగా ఉండాలని తల మీద నడిపించిన ముల్లు అది. మామ పదకొండు ముళ్ళనూ చేని మూలన పాతిపెట్టాడు.

తర్వాతి దినాల గురించి చెప్పాలంటే మామ చేతుల గురించే చెప్పాలి. పొద్దునా సాయంత్రం గోరువెచ్చని ఉప్పునీళ్ళతో, మెత్తని పాతగుడ్డతో గాయాలు కడిగేవాడు. ఈగలు వాలకుండా వేపాకు పొగ వేసేవాడు. జొన్నసొప్ప నమలలేకపోతున్నావని ఉలవలు రాత్రంతా నానబెట్టి, మెత్తగా ఉడికించి, చల్లార్చి, చేత్తో మెదిపి పెట్టేవాడు. నువ్వు బకెట్టులో మూతి పెట్టలేదు. అంచు తగులుతుందేమోనని భయం. వెడల్పాటి సిమెంటు తొట్టి ఊరవతల ఉంటే అడిగి తెచ్చి, అంచుదాకా నింపాడు. ఎనిమిదో దినం దేవరగట్టు దారిలో దివిటీలు కదిలిపోతుంటే ఆ ఏడు మామ పోలేదు. తొట్టి పక్కన గోనెపట్ట పరుచుకుని పడుకున్నాడు.

తొమ్మిదో దినం పై పెదవిలో, ఆరో ముల్లు దిగిన చోట, చింతగింజంత గడ్డ లేచింది. డాక్టరు మళ్ళీ వచ్చాడు. చిన్న గాటు పెట్టి నొక్కితే చీముతోపాటు నల్లని కొస ఒకటి వచ్చింది. బియ్యపుగింజలో సగం ఉంటుంది. అది మామ అరచేతిలో పెట్టాడు. అంత చిన్నదాన్ని చూసి మామ ఏడ్చాడు. పదకొండు ముళ్ళు తీసిన నాడు ఏడవనివాడు.

వాపు తీసింది. ఈల పోయింది. కాలి గాయం మానింది, నడకలో కుంటు లేదు. అయినా ఎవరైనా చెయ్యి చాస్తే తల పైకి లేపి పక్కకు తిప్పేసేదానివి. గాలిదుమారానికి ఎగిరొచ్చిన ప్లాస్టిక్ కవరునూ, కోడిపిల్లనూ, నన్నూ ఒకేలా దూరంనుంచి కళ్ళతోనే చూశావు. ఆ పెద్ద కళ్ళతో. అది చూడలేకపోయాను తల్లీ. మామ ఏమీ తొందరపడలేదు. రోజూ అరచేతిలో నాలుగు గుగ్గిళ్ళు పోసుకుని, నీకు బారెడు దూరంలో, నీవైపు చూడకుండా కూర్చునేవాడు. చెయ్యి నొప్పెడితే మార్చుకునేవాడు. పొద్దు వాలాక ఆ గుగ్గిళ్ళు నేల మీద పెట్టి లేచిపోయేవాడు.

బుడ్డలు పీకడం అయిపోయి, కట్టెలు వాములుగా వేసిన రోజు, మామ ఆదోనికి పోయాడు. ఆయన చోట నేను కూర్చున్నాను. కాళ్ళకు బంధం లేదు, ఆ తాడు మళ్ళీ ముట్టలేదు నేను. నువ్వు గట్టు మీద దూరంగా మేస్తున్నావు. హగరి వైపు నుంచి చల్లగాలి వస్తోంది. నేను చెయ్యి చాపి, మామ లాగే వేరేవైపు చూస్తూ కూర్చున్నాను. గుగ్గిళ్ళు ఆరిపోయి చేతికి అంటుకున్నాయి. ఎంతసేపయిందో, వెనక మట్టిపెళ్ళ చిట్లిన చప్పుడు. మెడ మీద వెచ్చని ఊపిరి. తర్వాత నా మణికట్టు దగ్గర ఒక వెంట్రుక, ఇంకోటి. ఒక్కో వేలినీ ముట్టి, ఆగి, మళ్ళీ ముట్టి, వెంట్రుకలు నా అరచేతి మధ్యకు వచ్చాయి. పై పెదవి మీది మచ్చ నా బొటనవేలికి తగిలింది. నేను కదల్లేదు.