రబ్బరు తల, ఎగిరే లడ్డూ

మాయాబజార్ సినిమాలో ఘటోత్కచుడైన ఎస్వీ రంగారావు నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరి దూకే సంగతి తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ లడ్డూలకు పారిస్‌లో ఒక పెద్దన్న ఉన్నాడన్న సంగతి మాత్రం కాస్త వివరించాలి. ఆయన జార్జ్ మెలియెస్. 1895 డిసెంబర్ 28న లూమియేర్ సోదరులు గ్రాండ్ కఫేలో కదిలే బొమ్మలు చూపించినప్పుడు చూసినవాళ్లలో ఈ ఇంద్రజాలికుడూ ఉన్నాడు.

మెలియెస్ సినిమాకు రాకముందే, 1888లో, రాబర్ట్ హుడాన్ నాటకశాలను కొని గారడీ ప్రదర్శనలిచ్చాడు. అలాగే మన మాయాబజార్ కథ కూడా వెండితెరకన్నా ముందు నాటకానిదే. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి నాటక సమాజపు కళాకారులకు మాయలూ మంత్రాలూ రంగస్థలం మీద చూపించడమే పేరు తెచ్చింది. అంటే అక్కడా ఇక్కడా గారడీని కెమెరా కనిపెట్టలేదు, నాటకం దగ్గర నేర్చుకుంది.

మెలియెస్ 1901లో తీసిన 'రబ్బరు తల మనిషి' చూడండి. ఒక శాస్త్రవేత్త తన తలలాంటిదే ఇంకో తలను బల్ల మీద పెట్టి, గొట్టం తగిలించి, తిత్తితో గాలి కొడతాడు. తల ఉబ్బుతుంది. సహాయకుడు ఉత్సాహం పట్టలేక మరీ ఎక్కువ కొట్టేసరికి ఢామ్మని పేలుతుంది. శాస్త్రవేత్తా మెలియెస్సే, తలా మెలియెస్సే. నల్లటి నేపథ్యం ముందు ఆయన బండి మీద కూర్చుంటే, ఆ బండిని వాలుబల్ల మీదుగా కెమెరా దగ్గరికి లాగారు. దగ్గరికొచ్చేకొద్దీ తల పెద్దదవుతుంది. వాలు ఉండబట్టి మెడ మాత్రం బల్ల మట్టం తప్పదు. అదే ఫిల్ము మీద రెండోసారి మిగతా దృశ్యం తీశారు. ఆ రెండు బొమ్మలూ అతకాలంటే కెమెరా వెంట్రుకవాసి కూడా కదలకూడదు.

మెలియెస్ కెమెరా మాయ ఉన్నా లేకపోయినా ముందు వరస ప్రేక్షకుడిలా కూర్చునే ఉంటుంది. మాయాబజార్ దర్శకుడు కె.వి. రెడ్డి కెమెరా అలా కాదు. 1957 నాటికి సినిమాకు దగ్గరి షాటు, దూరపు షాటు, మాట, పాట, నేపథ్య సంగీతం అన్నీ వచ్చేశాయి. అందుకే ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ మాయను ఒక షాటులో చూపిస్తే, పక్క షాటులో రంగారావు ముఖంలోని తృప్తి కనిపిస్తుంది. మెలియెస్ దగ్గర తల ఉబ్బడమే కథ, కాగా ఇక్కడ పెళ్లివారి విందును ఘటోత్కచుడు ఒక్కడే లాగించేయడం కథ. లడ్డూ ఎగరడం అతని ఆకలికి కొలత మాత్రమే.

శశిరేఖగా నటించిన సావిత్రి దగ్గర ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఒక మనిషిని మాయం చేసి ఆ చోట ఇంకొకరిని నిలబెట్టే కిటుకును మెలియెస్ 1896లోనే వాడాడు. కెమెరా ఆపి, మనిషిని మార్చి, మళ్లీ తిప్పడమే. ఘటోత్కచుడు శశిరేఖగా మారడం కూడా ఆ జాతి మాయే. అయితే మెలియెస్ మాయ ఆ క్షణంతో అయిపోతుంది, సావిత్రి దగ్గర అక్కడే మొదలవుతుంది. ఆ మగరాయుడి నడక, ఆ హుంకారం, పెళ్లిపీటల మీద రేలంగి కాలు తొక్కడం, వీటిలో ఏదీ కెమెరా చేసింది కాదు.

ఇలా అన్నంత మాత్రాన మెలియెస్‌ది పసితనం, కె.వి.ది పరిణతి అని తేల్చేస్తే పొరపాటు. రచన, దర్శకత్వం, నటన, సెట్లు అన్నీ మెలియెస్ నెత్తిన వేసుకుని, ఐదు వందలకు పైగా చిన్న సినిమాలు తీశాడు. కాగా మాయాబజార్ వెనక విజయా సంస్థ బలగముంది, బార్ట్‌లీ ఉన్నాడు, గోఖలే, కళాధర్ వంటి కళాదర్శకులున్నారు. కథల వేగం పెరిగి, కెమెరా కుర్చీ వదిలి లేచాక మెలియెస్ వెనకబడిపోయాడు. చివరికి మోంపర్నాస్ రైల్వే స్టేషన్‌లో బొమ్మలమ్ముకున్నాడు. పాతబడింది కెమెరా కూర్చున్న చోటే కానీ, ఆయన కిటుకు కాదు. ఆ కిటుకే అరవై ఏళ్ల తర్వాత మద్రాసులో ఒక పాత్రకు పనికొచ్చింది.

మెలియెస్‌ను చూస్తే ఎలా చేశాడా అని ముక్కున వేలేసుకుంటాం. మాయాబజార్ చూస్తే ఆ ప్రశ్నే తోచదు. మాయను మరిపించే ఈ రెండో విద్య సినిమాకు అబ్బింది మొదటిదాన్ని వదిలేసినందువల్ల కాదు, దాన్ని మనుషుల మధ్య ఎక్కడ పెట్టాలో తెలిసినందువల్ల.