ధ్రువుడు కిందుగా ఉన్నచోట

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో రాత్రి ఆకాశాన్ని ఫొటో తీయాలంటే ముందు కొనాల్సింది పెద్ద టెలిస్కోపు కాదు, గట్టి మౌంటు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. కదలని ట్రైపాడ్ మీద 50 మి.మీ. లెన్సుతో పది సెకన్లు దాటితే చుక్కలు గీతలైపోతాయి. మౌంటు ఆ తిరుగుడుకు ఎదురు తిరుగుతూ చుక్కను నిలబెడుతుంది.

దాని ఇరుసును ఆకాశ ధ్రువానికి గురిపెట్టాలి. మన సీమలో కష్టమంతా అక్కడే. మదనపల్లెలో ధ్రువ నక్షత్రం దిగంతానికి సుమారు పదమూడున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, కుప్పంలో ఇంకా కిందికి. ఒక గుట్టో చింతచెట్టో అడ్డొస్తే చాలు, కనపడదు. ఇరుసును అంతగా వాల్చితే బరువుల కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. అందుకని మధ్యలో పొట్టి స్తంభం బిగించి మౌంటును పైకెత్తుతారు.  అయితే ధ్రువుడు కిందుగా ఉన్నచోట దక్షిణాకాశం అంత ఎక్కువగా కనిపిస్తుంది. లండన్‌లో ఎన్నడూ ఉదయించని ఒమేగా సెంటారీ తారాగుచ్ఛం ఇక్కడ దక్షిణాన దాదాపు 29 డిగ్రీల ఎత్తుకు వస్తుంది.

బటన్‌ను వేలితో నొక్కితే కెమెరా అదురుతుంది కాబట్టి రిమోట్ తప్పదు. ఇప్పుడైతే మౌంటు పక్కనే అరచేతంత కంప్యూటరు పెట్టి, గదిలోంచి ఫోనుతో నడిపిస్తున్నారు. తీసిన ఫొటోలోని చుక్కలను బట్టి కెమెరా ఎటు చూస్తోందో ఆ కంప్యూటరే లెక్కగట్టుకుంటుంది. ధ్రువుడు చెట్టు చాటున ఉన్నా గురి కుదురుతుంది. మదనపల్లె నుంచి బెంగళూరు దారిలోని హోసకోటెలో భారత ఖగోళ భౌతిక సంస్థవారు చేసేదీ ఇలా దూరం నుంచి నడిపే పనే. లద్దాఖ్‌లోని హాన్లేలో, 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపును ఉపగ్రహ లింకుతో హోసకోటె నుంచే నడుపుతారు.