భయార్థక వాక్యములు – ఆంగ్లానువాదము

ఒకరివలన తనకు గల భయమును ఆంగ్లమున చెప్పవలసి వచ్చినపుడు తెలుగు విద్యార్థి తడబడును. తార్నాక చెంతనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున ‘అఫ్రెయిడ్ ఫ్రమ్ హిమ్’ అను ప్రయోగమును మేము పలుమాఱు వినియున్నాము. సాధురూపము ‘అఫ్రెయిడ్ ఆఫ్ హిమ్’. అయినను ఈ దోషమునకు మూలము అశ్రద్ధ కాదు. మన వ్యాకరణ సంస్కారమే.

భయహేతువు అపాదానమని పాణిని మతము. చిన్నయసూరియు బాలవ్యాకరణ కారకపరిచ్ఛేదమున భయకారణమునకు ‘వలన’ వర్ణకమునే విధించెను. 1918లో ఉర్దూ మాధ్యమముతో స్థాపితమైన ఈ విశ్వవిద్యాలయ పరిసరములలో నేటికిని వినవచ్చు ఉర్దూలోను భయకారణమునకు ‘సే’ చేరును. ఈ భాషలన్నిటను భయము ఎదుటివానినుండి బయలుదేఱి మనలను చేరును. కావున ‘ఫ్రమ్’ అనుట సహజమైన పొరపాటు. ‘అఫ్రెయిడ్ ఫర్ హిమ్’ అనినచో అర్థమే వేఱు: అతనికేమి కీడు మూడునో యను భయము.

విభక్తిదోషము సులభముగా దిద్దదగినది. అర్థదోషము అట్టిది కాదు. “నాకు మా గురువుగారనిన భయము” అను వాక్యమును చూడుడు. ‘ఐ యామ్ అఫ్రెయిడ్ ఆఫ్ మై టీచర్’ అనినచో వ్యాకరణము నిర్దుష్టమే, భావము చెడును. తెలుగువాడు చెప్పినవి భయభక్తులు. ఆంగ్లశ్రోతకు వినబడినది గురువుపై ఫిర్యాదు. అచట గౌరవమును తెలుపు ‘రెస్పెక్ట్’ శబ్దమే తగును. జంకు మాత్రమైనచో ‘నెర్వస్’ అనియు, హడలైనచో ‘టెరిఫైడ్’ అనియు చెప్పవలెను.

దీనికి విపర్యయమును కలదు. నిజముగా పీడింపబడు విద్యార్థిని “ఆయనంటే భయమండీ” అనినపుడు, వినువారు దానిని భయభక్తులుగా నెంచి చిఱునవ్వుతో విడిచిపెట్టవచ్చును. మాటలోని మర్యాద అపాయమును కప్పివేయును. ఆమె వాక్యమును ‘రెస్పెక్ట్’ అని అనువదించుట ఆమె నోరు నొక్కుటయే యగును.

1958లో హైదరాబాదున వెలసి, 2007లో విశ్వవిద్యాలయమైన ఆంగ్లభాషా సంస్థ మనకు పొరుగుననే కలదు. ‘ఆఫ్’, ‘ఫ్రమ్’ల భేదమును విద్యార్థి అచట నేర్చుకొనగలడు. కాని ఒక తెలుగు వాక్యమునందలి భయము భక్తియో, జంకో, ప్రాణభీతియో నిర్ణయించు భారము తెలుగు చదివిన మనదే. అనువాదకుడు మొదట అడుగవలసిన ప్రశ్న “ఆంగ్లమున దీనినేమందురు?” అనునది కాదు, “ఇది ఏ భయము?” అనునది.