ఛాయాచిత్రములందు వర్ణౌచిత్యము

ప్రకృతిదృశ్యములను ఛాయాచిత్రములుగా తీయువారిలో నేడొక అభిప్రాయము ప్రబలియున్నది. రంగుల చిత్రము సామాన్యుల వేడుక కొఱకనియు, నలుపు తెలుపుల చిత్రమే కళయనియు వారు తలంతురు. రంగులతో తీసిన బొమ్మ చక్కగా కుదరనిచో దానినుండి రంగును తొలగించి, ఇప్పుడు గాంభీర్యము వచ్చినదని తృప్తి చెందువారును కలరు. ఈ యభిప్రాయము ఎంతవరకు నిలుచునో, పశ్చిమ కర్నూలు మండలమందలి ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములను ఎదుట నుంచుకొని విచారింతము. ఏలయన, ఈ సీమలో నేల రంగు కంటికి ఇంపు గొలుపుటతో ఆగదు. జనుల బ్రదుకుదెరువును గూర్చి సమాచారము చెప్పును.

రంగును తక్కువగా చూచుట మనకు క్రొత్త కాదు. విష్ణుధర్మోత్తర పురాణమందలి చిత్రసూత్రము చిత్రమును చూచువారిని నాలుగు తెగలుగా విభజించినది. ఆచార్యులు రేఖను మెచ్చుదురట. విచక్షణులు వెలుగునీడల పొందికను మెచ్చుదురట. స్త్రీలు భూషణములను, తక్కిన జనులు రంగుల సమృద్ధిని కోరుదురట. రేఖకును నీడకును ఆ గ్రంథమిచ్చిన గౌరవము సమంజసమే. కాని స్త్రీలను, సామాన్యులను కడపటి మెట్లపై కూర్చుండబెట్టుట యెట్లు సమర్థనీయమగును? ప్రతిదినము వేకువను పేడనీళ్లు చల్లిన వాకిట తెల్లని పిండితో చుక్కలు పెట్టి ముగ్గు వేయు ఇల్లాలు రేఖ నెఱుగనిదా? ఆమెయే సంక్రాంతినాడు ఆ ముగ్గులో రంగులు నింపును. ఏనాడు గీత చాలునో, ఏనాడు రంగు వలయునో ఆమెకు తెలియును. ఇక ఎమ్మిగనూరు సంగతి. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో చేనేతవారి సహకార సంఘము వెలసిన ఊరది. నూలునకు రంగు వేయువాడు ఒక తొట్టినుండి తీసిన యెఱుపునకును మఱియొక తొట్టినుండి తీసిన యెఱుపునకును గల భేదమును చూపుమాత్రమున పసిగట్టును. రంగు తెలియుట యొక విద్య. అది కష్టజీవుల చేతిలో నున్నంతమాత్రమున తక్కువ విద్య కాజాలదు.

కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని క్షేమేంద్రుడు 11వ శతాబ్దమున ప్రతిపాదించెను. ఆ కొలతనే ఛాయాచిత్రమునకును వర్తింపజేయుదము. నలుపు తెలుపులు దేనికి తగును? బళ్లారికి ఆవలనున్న విజయనగర శిథిలములను 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అను మదరాసు సైన్యపుటధికారి, మైనము పట్టించిన కాగితపు నెగెటివులమీద చిత్రించెను. ఆస్ట్రేలియా దేశస్థుడగు జాన్ గోలింగ్స్ 1983లో అవే తావులందు నిలిచి ఆ కట్టడములను మరల చిత్రించెను. ఈ రెండు కాలముల చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూచువాని చూపు రాతిమీదనే నిలుచును. ఏ స్తంభము మిగిలినది, ఏ గోడ కూలినది, ఏది బాగుచేయబడినది అని వెదకును. ప్రశ్న రూపమును గూర్చినది గనుక దానికి వెలుగునీడలే ఉత్తరమిచ్చును.

ఆదోని కోటకొండలకును ఇదే న్యాయము. అక్కడ బండరాళ్లు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. కొండ యెక్కడ ముగిసినదో, మనుష్యులు కట్టిన ప్రాకారమెక్కడ మొదలైనదో దూరమునుండి పోల్చుట కష్టము. విజయనగర రాజులు, బిజాపురపు సుల్తానులు, మొగలులు ఏలిన ఈ కోటను 1786లో టిప్పు సుల్తాను పట్టుకొనెను. 1800లో నిజాము దీనిని కుంఫిణీవారికి వదలుకొనెను. ఇన్ని చేతులు మారిన కట్టడమును సాయంకాలపు ఏటవాలు వెలుతురులో నలుపు తెలుపులతో తీసినచో, చెక్కిన రాతి యంచు సహజమైన గుండునుండి విడివడి కనబడును. అచ్చట రంగు క్రొత్తగా చెప్పునది స్వల్పము. కొండ క్రింది యిండ్లకు పూసిన నీలము, పసుపు ఒక్కొక్కప్పుడు చూపును దారి మళ్లించును గూడ.

కాని కొండ దిగి చేలలోనికి వచ్చినంతనే ప్రశ్న మారును. ఈ ప్రాంతమున నల్లరేగడియు ఎఱ్ఱనేలయు ఇరుగుపొరుగున నుండును. రేగడి తేమను పట్టియుంచును, ఎండినప్పుడు నెఱ్ఱెలు విచ్చును. ఆదోని సంతకు ప్రత్తి నిచ్చునది అదియే. ఎఱ్ఱనేల వాననీటిని త్వరగా జార్చివేయును. వేరుసెనగ వంటి పైరులకు అనుకూలించును. రైతు నేలకు పెట్టిన పేరే దాని రంగు. నలుపు తెలుపుల చిత్రములో తడిసిన యెఱ్ఱనేలయు, పొడిబారిన రేగడియు ఒకే బూడిదవన్నెలోనికి దిగవచ్చును. పండిన మిరపకాయయు దాని యాకును ప్రకాశమున సమముగా నున్నచో రెండును కలిసిపోవును. ఎఱ్ఱబారిన ప్రత్తియాకు ఆరోగ్యముగల యాకువలెనే కనబడును. తుంగభద్ర దిగువ కాలువ నీరు పారిన మడికిని, అది యందని మెట్టకును నడుమనున్న సరిహద్దు మాసిపోవును. ఆ సరిహద్దున కీవలి కుటుంబము ఊర నిలుచును. ఆవలి కుటుంబము మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోవును. చిత్రము నుండి తొలగించిన పచ్చదనముతో ఈ కథయంతయు తొలగిపోవుచున్నది.

నలుపు తెలుపులు కల్పన లేని సత్యమను భ్రమయు కొందఱికి కలదు. గ్రీన్‌లా కాలపు నెగెటివులు నీలికాంతికి మితిమీరి స్పందించెడివి. అందుచే ఆనాటి చిత్రములలో నిర్మలమైన నీలాకాశము తెల్లకాగితమువలె శూన్యముగా నుండెడిది. ఎఱుపు నలుపుగా దిగెడిది. తరువాత అన్ని వన్నెలకు స్పందించు ఫిల్ములు వచ్చినవి. వానితోపాటు, కెమేరా కంటికి ఎఱ్ఱని అద్దము తగిలించి నీలాకాశమును కారుచీకటిగా మార్చు ఉపాయమును వచ్చినది. నేడు అదే పని కంప్యూటరుమీద క్షణములో జరుగుచున్నది. వానలు మిక్కుటముగా కురియు దేశమున ఇది వట్టి సొగసు కావచ్చును. ఎమ్మిగనూరు మెట్టపొలముపై, మబ్బుతునుక లేని ఆకాశమును వర్షాకాశమువలె నల్లబఱచుట అబద్ధము. విత్తనము చల్లి మింటివంక చూచుచున్న రైతునకు ఆ చిత్రము పరిహాసముగా తోచదా?

మఱియొక హాని కలదు. 1876-78 నాటి మదరాసు కరవు, ఆదోనిని అప్పుడు తనలో చేర్చుకొనియున్న బళ్లారి మండలమును తీవ్రముగా బాధించెను. ఆ కరవున చిక్కి శల్యమైన మనుష్యులను విల్లోబీ వాలెస్ హూపర్ అను సైనికాధికారి గుంపులుగా కూర్చుండబెట్టి చిత్రములు తీసెను. వానిని చూచినవారికి నేటికిని గుండె చెదరును. ఆయనకు రంగుల ఫలకములు లేవు. లూమియేర్ సోదరుల రంగుల పలకలు 1907లో గాని అంగడికి రాలేదు. కాని అట్టి చిత్రములను చూచిచూచి, కరవనగా నలుపు తెలుపులదని మనకు అలవాటైనది. అందుచేత ఎండిన చేల నడుమ దారిని పోవు నేటి వలసకూలీలను నలుపు తెలుపులలో చూపినప్పుడు, చూపరి జాలిపడి, తాతలనాటి కథ విన్నట్లు పుట త్రిప్పును. మూటలమీద నిన్న కొన్న ప్లాస్టిక్ బిందె నీలిరంగు కనబడినచో ఇది యీ యేటి సంగతియని తెలియును. జాలితోపాటు, కాలువ నీరు ఇచ్చటి కేల చేరలేదను ప్రశ్నయు పుట్టును. సంస్కారమునకు జాలికన్న ఆ ప్రశ్న ముఖ్యము.

అట్లని రంగు పక్షమువారి మాటను పూర్తిగా అంగీకరింపలేము. రఘువీర్ సింగ్ (1942-1999) మన దేశపు వీథులను, నదులను రంగులలో చిత్రించి గొప్ప కీర్తి గాంచెను. భారతీయుల చూపునకు రంగు సహజమనియు, నలుపు తెలుపుల విషాదము పాశ్చాత్యుల మనఃస్థితికి చెందినదనియు ఆయన వాదించెను. ఆయన చిత్రములు గొప్పవి. వాదము మాత్రము అతివ్యాప్తి. మన వాకిటి తెల్లముగ్గు ఏ పాశ్చాత్యుని మనఃస్థితి? వర్ణము జాతి కంటుకొనియుండునది కాదు; విషయము ననుసరించి వచ్చునది. పైగా రంగును అబద్ధమునకు పూన్చుట అతిసులభము. పాలిపోయిన పైరును యంత్రసాయముతో పచ్చగా చేసిన చిత్రము, ఆకాశమును నల్లబఱచిన చిత్రముకన్న ఏమాత్రమును మేలైనది కాదు. విత్తనముల ప్రకటనలలో అట్టి పచ్చదనమును చూచి మోసపోవుటకు మన రైతులకు అవకాశములు చాలనే యున్నవి.

నేటి కెమేరాలలో అధికభాగము ఎఱుపు, పచ్చ, నీలము అను మూడు జల్లెడలగుండా వెలుతురును గ్రహించును. నలుపు తెలుపు తరువాత చేసికొను త్యాగము. గ్రీన్‌లాకు విధి చేసిన నిర్ణయమును నేడు మనము బుద్ధిపూర్వకముగా చేయుచున్నాము. కనుక బాధ్యతయు మనదే. చిత్రమును రెండు విధముల సిద్ధపఱచి, ఆ యూరివానికి ముందు నలుపు తెలుపు ప్రతిని చూపవలెను. ఇది యే నేల, ఏ పైరు, ఏ కార్తె, నీరందినదా లేదా అని అడుగవలెను. రంగుల ప్రతిని చూచిన పిమ్మట అతడు క్రొత్తగా చెప్పగలిగిన దేమియు లేనిచో రంగును నిస్సంకోచముగా విడువవచ్చును. అతడు మాట మార్చుకొన్నచో, రంగును తొలగించుట సాక్ష్యమును తొలగించుటయే యగును. ఆచార్యులు మెచ్చు రేఖకు ఆదోని కొండమీద చోటున్నది. కొండ క్రింది చేలను గూర్చి తీర్పు చెప్పవలసినది మాత్రము, చిత్రసూత్రము కడపట నిలిపిన ఆ సామాన్యుడే.