తెగిన లైను సంగతి తెలిసిన పుస్తకం

సాకెట్ ఐఓ అన్న పేరు వినగానే ఇదేదో కరెంటు సామాను అనుకునేవాళ్లు నా ఈడువాళ్లలో చాలామందే ఉంటారు. కాదు. వెబ్ పేజీకీ, దాన్ని పంపే సర్వర్‌కీ మధ్య దారి తెరిచి ఉంచి, ఎవరికి చెప్పాల్సింది ఉంటే వాళ్లు అప్పటికప్పుడు చెప్పుకునేలా చూసే ప్రోగ్రాముల కట్ట అది. అర్జెంటీనాలో పుట్టిన గియెర్మో రౌచ్ అనే యువకుడు 2010లో మొదలుపెట్టాడు. ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడొచ్చు, మార్చుకోనూవచ్చు. దాని మీద ఒక మాచర్ల అమ్మాయి తెలుగులో ఇంత పుస్తకం రాసింది. ముందుమాట కోసం కంప్యూటరు పండితుల దగ్గరికి పోకుండా, టెలిఫోను శాఖలో రిటైరైన నన్ను వెతుక్కుంటూ నరసరావుపేట ఎందుకొచ్చిందో పుస్తకం చదివితే గాని తెలియలేదు.

మా రోజుల్లో చందాదారు హ్యాండిల్ తిప్పితే మా బోర్డు మీద షట్టర్ పడేది. కార్డు గుచ్చి, ఏ నంబరు కావాలో అడిగి, అవతలి ఇంట్లో గంట కొట్టేవాళ్లం. ట్రంక్ కాల్ అయితే లైను దొరికేదాకా పడిగాపులే. కానీ ఒకసారి కలిశాక ఇద్దరూ సమానమే. ఇవతలివాడు అడిగితేనే అవతలివాడు పలకాలన్న నియమం లేదు.

వెబ్ అలా పుట్టలేదు. సెర్న్‌లో టిమ్ బెర్నర్స్‌లీ శాస్త్రవేత్తల కాగితాలు అందరికీ అందుబాటులో ఉండాలని చేసిన ఏర్పాటది. పేజీ అడుగుతుంది, సర్వర్ ఇస్తుంది, అక్కడితో సరి. అడగందే సర్వర్ నోరు విప్పదు. కాగితాలు చదువుకోవడానికి అంతకంటే అక్కర్లేదు. కబుర్లాడుకోవాలన్నా, క్రికెట్ స్కోరు చూడాలన్నా, మిర్చి యార్డులో ధర ఎంత పలుకుతోందో తెలియాలన్నా అది చాలదు. అందుకని పేజీలు ఊపిరాడనీయకుండా "ఏమైనా ఉందా, ఏమైనా ఉందా" అని సర్వర్‌ను వేధించేవి. తర్వాత ఒక ఉపాయం తోచింది: అడిగినదానికి వెంటనే జవాబివ్వకుండా, చెప్పడానికి ఏదో ఒకటి వచ్చేదాకా సర్వర్ ఆ ప్రశ్నను పట్టుక్కూర్చోవడం. దాన్ని లాంగ్ పోలింగ్ అన్నారు. చివరికి 2011 డిసెంబరులో ఆర్ఎఫ్‌సీ 6455 పేరుతో వెబ్‌సాకెట్ ప్రమాణం ఖరారైంది. పలకరింపు పాత పద్ధతిలోనే జరుగుతుంది. సర్వర్ 101 అని జవాబిచ్చిందా, ఆ క్షణం నుంచి అది రెండు వైపులా మాట నడిచే లైను.

మరి వెబ్‌సాకెట్ ఉండగా ఇంకొక కట్ట దేనికి? ఈ ప్రశ్నను రచయిత్రి దాటవేయలేదు. 2010, 2011 ప్రాంతంలో జవాబు తేలిక. ప్రమాణం ఇంకా తయారవుతూనే ఉంది, ఒక్కో బ్రౌజరుది ఒక్కో దారి, భద్రత మీద అనుమానంతో ఫైర్‌ఫాక్స్ 4 ఆ సౌకర్యాన్ని ఆపేసి మరీ విడుదలైంది. ఇప్పుడు అన్ని బ్రౌజర్లలోనూ ఉంది గనుక సాకెట్ ఐఓ పని అయిపోయిందనేవాళ్లు ఉన్నారు. ఈమె ఒప్పుకోదు. ఆమె వాదనకు బలం మా పల్నాడే. మాచర్ల నుంచి కారంపూడి వైపు బస్సులో వెళ్తూ ఫోను చూసుకోండి, సిగ్నలు ఎన్నిసార్లు వస్తుందో, ఎన్నిసార్లు పోతుందో. లైను తెగితే తెగిందని చెప్పడం వరకే వెబ్‌సాకెట్ పూచీ. మళ్లీ ఎవరు కలపాలి, ఎప్పుడు కలపాలి, మాట ఎక్కడ ఆగింది, ఇదంతా రాసేవాడి నెత్తిన పడుతుంది. సాకెట్ ఐఓ పనికొచ్చేది సరిగ్గా అక్కడే. వేగం గురించి ఊదరగొట్టే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఇది తెగిన లైను గురించి రాసిన పుస్తకం, నాకు నచ్చింది అందుకే.

లైను బతికే ఉందా అని సర్వర్ 25 సెకన్లకోసారి తట్టి చూస్తుంది. 20 సెకన్లలో పలుకు రాకపోతే పోయినట్టు లెక్క. ఒకప్పుడు ఈ తట్టే పని పేజీ వైపు ఉండేది. వెనక తెరిచి వదిలేసిన పేజీల గడియారాలను బ్రౌజర్లు నెమ్మది చేస్తాయి గనుక, తట్టడం ఆలస్యమై, బతికున్న లైను కూడా చచ్చిపోయినట్టు లెక్కలోకి వచ్చేది. 2020లో వచ్చిన మూడో వెర్షన్‌లో ఆ పని సర్వర్‌కు అప్పగించారు. తిరిగి కలపడంలోనూ ఒక పద్ధతి ఉంది. మొదట ఒక సెకను ఆగుతుంది, దొరకకపోతే రెండు, ఆ పైన పెంచుకుంటూ అయిదు సెకన్ల దగ్గర ఆగుతుంది. అందరూ ఒకే క్షణంలో వచ్చి పడకుండా ఆ వ్యవధిని ఒక్కొక్కరికి కొంచెం అటూ ఇటూ చేస్తుంది. రాత్రి పొద్దుపోయి ఎస్‌టీడీ రేటు తగ్గగానే ఊరంతా ఒక్కసారే డయల్ చేస్తే ఎక్స్ఛేంజీ ఏమయ్యేదో చూసినవాణ్ని గనుక ఈ చిన్న ఏర్పాటు విలువ నాకు తెలుసు.

ఇంకొకటి. సాకెట్ ఐఓ మామూలుగా లాంగ్ పోలింగ్‌తోనే మొదలుపెట్టి, వీలు చిక్కాక వెబ్‌సాకెట్‌కు మారుతుంది. కుర్రాళ్లు దీన్ని పాత వాసన అంటారు. ఆఫీసుల్లో, కాలేజీల్లో మధ్యనుండే ప్రాక్సీలు వెబ్‌సాకెట్‌ను అడ్డుకుంటే, అది కుదరదని తేలడానికే పది సెకన్లు దాటొచ్చు. అంతసేపు ఖాళీ తెర చూపించే కంటే, పాత దారిలోనైనా పని మొదలుపెట్టడం మర్యాద.

పుస్తకమంతా నడిచే నమూనా ప్రోగ్రాము సాగర్ కుడి కాలువది. 203 కిలోమీటర్ల కాలువ, 1967 నుంచి నీళ్లు చూస్తోంది. కాలువ మీద పనిచేసే లస్కరు గేజీ చూసి ఫోనులో అంకె నొక్కితే ఆ మేజరు, అంటే ఆ ఉపకాలువ, కింద ఉన్న రైతులందరి తెర మీదా మారుతుంది. ఒక్కో మేజరుకు ఒక్కో రూమ్. తన మేజరు రూమ్‌లో ఉన్న రైతుకు పక్క మేజరు గోల వినపడదు. రూమ్ అంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పిన ఉదాహరణ నేనైతే చదవలేదు. చివరి ఆయకట్టు రైతు ఫోను అతని నీళ్ల వంతు వచ్చిన రాత్రే సిగ్నలు పోగొట్టుకుంటే ఏమవుతుందన్న దగ్గర అసలు పాఠం మొదలవుతుంది.

ఏమవుతుందంటే, ఆ కబురు పోతుంది. పంపిన మాట మహా అయితే ఒకసారి చేరుతుంది, చేరకపోనూవచ్చు. సాకెట్ ఐఓ మామూలుగా ఇచ్చే హామీ అంతే. వరుస తప్పకుండా చూస్తుంది గాని, లైను లేనివాడి కోసం సర్వర్ దాచిపెట్టదు. పల్నాటి వీరచరిత్రలో గురజాలకు రాయబారం వెళ్లి తిరిగి రాని అలరాజు కథ విని పెరిగిన మనకు, మాట పంపడం వేరు, చేరినట్టు కబురు అందడం వేరని వివరించక్కర్లేదు. అందుకే రచయిత్రి అక్‌నాలెడ్జ్‌మెంట్ మీద ఇంత నిలబడింది. అందిందని అవతలివైపు నుంచి జవాబు అడగాలి, దానికి గడువు పెట్టాలి, గడువు దాటితే మళ్లీ పంపాలి. మళ్లీ పంపినది రెండుసార్లు చేరినా నష్టం లేకుండా ప్రతి కబురుకూ ఒక నంబరు ఉండాలి. కాసేపు తెగి మళ్లీ కలిసినవాళ్లకు మధ్యలో పోయినవి అందించే ఏర్పాటు 2023లో 4.6 వెర్షన్‌తో వచ్చింది. అది ప్రతిసారీ ఫలిస్తుందని నమ్ముకోవద్దని కూడా ఆమే రాసింది.

పులిచింతల ప్రాజెక్టు ప్రస్తావన ఉన్నచోట మాత్రం నేను గట్టిగా చెప్పాల్సి వచ్చింది. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున అక్కడ 16వ నంబరు గేటు కొట్టుకుపోయింది. అలాంటి పూట దిగువ ఊళ్లకు సాకెట్ ఐఓ ఎంత మేలు చేస్తుందో అని మొదటి ప్రతిలో ఉత్సాహంగా రాసింది. పేజీ తెరిచి ఉన్నంతవరకే ఈ లైను. తెల్లవారుజామున నిద్రపోయేవాడు గేజీ పేజీ తెరుచుకుని పడుకోడు. ప్రమాద హెచ్చరికకు సైరనుండాలి, ఫోను మోగాలి, ఎస్ఎంఎస్ పోవాలి, వీఆర్వో తలుపు తట్టాలి. పంప్‌హౌసులో, కంట్రోలు రూములో మెలకువగా తెర ముందు కూర్చున్నవాళ్లకైతే ఇది బంగారం. ఆ తేడా ఇప్పుడు పుస్తకంలో స్పష్టంగా ఉంది.

అనేక సర్వర్లను రెడిస్ అనే డేటాబేసుతో కలిపి నడిపే అధ్యాయం బాగానే ఉంది గాని, ఈ పుస్తకం చదివేవాళ్లలో ఎక్కువమంది ఒక్క సర్వర్‌తోనే నెట్టుకొస్తారు. దాన్ని సగం చేసినా పోయేదేం లేదు. తక్కువైంది వేరొకటి. ఎవరు మాట్లాడొచ్చు అన్నది. లస్కరు ఫోను ఇంకొకడి చేతిలో పడి, తూము ఎత్తారని ఒక దొంగ అంకె రూమ్‌లోకి వెళ్లిందనుకోండి. నీళ్ల దగ్గర మా వైపు మాట ఎంత త్వరగా చేతల్లోకి దిగుతుందో బయటివాళ్లకు తెలియదు. లైను కలిసేటప్పుడే టోకెను చూడాలి, రూమ్‌లో వినే హక్కు, రూమ్‌కు చెప్పే హక్కు వేరువేరుగా పెట్టాలి, ఎవరు ఎప్పుడు ఏ అంకె పంపారో రాసి ఉంచాలి. "రెండో ముద్రణలో చేరుస్తాను తాతయ్యా" అంది. మొదటి ముద్రణ చదివి ప్రోగ్రాము రాసుకున్నవాడు రెండోది కొనడు, ఇప్పుడే రాయమన్నాను. తొమ్మిదో అధ్యాయం చివర అక్షరాలు కొంచెం ఇరుకుగా కనిపించే పేజీలు అలా వచ్చి చేరినవే.