పల్నాటి ఇంటికి స్వీడన్ కొలతలు

స్కాండినేవియా తరహా వంటిల్లు అనగానే తెల్లని గోడలు, లేతరంగు చెక్క, తలుపుల్లేని అరలు గుర్తొస్తాయి. దాని అసలు బలం కొలతల్లో ఉంది. స్వీడన్‌లో 1944లో ఏర్పడిన గృహ పరిశోధన సంస్థ వంట చేసేవారి కదలికలను గమనించి గట్టు ఎత్తునూ అరల అమరికనూ పరిశీలించింది. 2018 ఆగస్టులో హైదరాబాదులో ఐకియా దుకాణం తెరిచాక ఆ తీరు తెలుగువారికి కంటికెదురుగా కనిపించింది.

శావల్యాపురం వంటి పల్నాటి ఊళ్ళో దాన్ని ఇంటికి తగ్గట్టు మలచడం వడ్రంగికీ తాపీమేస్త్రీకీ నిజమైన పరీక్ష. చలిదేశాల్లో తెలుపు వేసేది కొద్దిపాటి వెలుతురును గదంతా పరచడానికి. ఇక్కడ వెలుగుకు కరువా? కిటికీకి సజ్జా కావాలి. పల్నాటి నాపరాయి నేలకు చల్లగా ఉంటుంది. గట్టు మీద పరిస్తే చింతపండు పులుసుకూ నిమ్మరసానికీ మచ్చలు తేలుతుంది, సున్నపురాయి కదా! అందుకే గట్టుకు గ్రానైటే మేలు. తాలింపు నూనె ఆవిరికి తెల్లచెక్క జిడ్డుబారుతుంది కనుక పొయ్యి వెనక టైల్సు, పైన పొగ లాగే ఫ్యాను తప్పవు.

చెదల భయానికి అలమరలను రాతి దిమ్మ మీద నిలబెడతారు. గట్టు, వంట చేసేవారి మోచేతికి నాలుగైదు అంగుళాలు దిగువన ఉంటే నడుము నొప్పి పుట్టదు. గ్రైండరు మాత్రం ఇంకాస్త కింద ఉండాలి, పిండి తీయడానికి పైనుంచి లోపలికి చెయ్యి పెట్టాలి మరి. తలుపుల్లేని అరలు పల్నాటికి కొత్తేమీ కాదు. పాత ఇళ్ళ మందపు గోడల్లో వదిలిన గూళ్ళు ఆ పనే చేశాయి. వాటిలో రోజూ వాడే పోపుడబ్బా, ఉప్పు జాడీ మాత్రమే పెట్టి, ఏడాది కారాన్నీ పచ్చళ్ళనూ వెలుతురు తగలని అలమరలో దాచుకోవచ్చు.