రంగుల పటం చెప్పేదీ, దాచేదీ

స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ 2013లో విడుదల చేసిన ‘యూరోపా యూనివర్సాలిస్ 4’ కంప్యూటర్ గేమ్ 1444 నవంబరు 11న మొదలై 1821 దాకా నడుస్తుంది. అందులో పోర్చుగల్‌ను ఏలుకోవచ్చు, విజయనగరాన్నీ ఏలుకోవచ్చు. ఎవరిని ఎంచుకున్నా గంటల తరబడి కళ్లముందుండేది ప్రపంచ పటమే. ఈ తరహా వ్యూహక్రీడల బలమూ బలహీనతా రెండూ ఆ పటంలోనే ఉన్నాయి.

ఒక్క బటన్ నొక్కితే పటం రంగులు మారిపోతాయి. వీటినే మ్యాప్ మోడ్‌లంటారు. రాజకీయ పటంలో ఏ నేల ఏ రాజుదో తెలుస్తుంది. మతాల పటంలోకి వెళ్తే, నిండుగా కనిపించిన రాజ్యంలోనే తిరుగుబాటుకు ఆస్కారమున్న చోట్లు బయటపడతాయి. సంస్కృతుల పటంలో తెలుగు నేలకు తనదైన రంగుంది, రాజుల సరిహద్దులతో దానికి పనిలేదు. పాలకుడు దేన్ని చూస్తాడో దాన్నిబట్టే నిర్ణయాలు తీసుకుంటాడన్న సంగతి ఆటగాడికి అనుభవంలోకి వస్తుంది.

వలసల ఘట్టంలో ఇది మరీ స్పష్టం. ఎవరి రంగూ పడని తీరానికి వలసదారులను పంపాలి, నెలనెలా ఖజానా నుంచి ఖర్చు భరించాలి. వలస జనాభా వెయ్యికి చేరితే అది పూర్తిస్థాయి ప్రావిన్సు అవుతుంది. అమెరికా ఖండాల్లోని ఏదైనా ఒక వలస ప్రాంతంలో అలాంటివి ఐదు సమకూరితే ప్రత్యేక వలస రాజ్యం ఏర్పడుతుంది. దానిపై సుంకాలు పెంచినకొద్దీ స్వాతంత్ర్య కాంక్ష పెరుగుతుంది.

మరి ఆ నేలమీద ముందునుంచీ ఉన్నవాళ్లు? వాళ్లు మూడు అంకెలుగా కనిపిస్తారు: ఎందరున్నారు, ఎంత త్వరగా తిరగబడతారు, ఎంత భీకరంగా పోరాడతారు. సైన్యాన్ని దింపితే వాళ్లపై దాడి చేయడానికో బటన్ ఉంటుంది. అందరినీ చంపేస్తే తిరుగుబాటు బెడద తీరుతుంది, బతకనిస్తే కాలనీ పూర్తయ్యాక అక్కడి ఉత్పత్తి పెరుగుతుంది. సరుకుల పటంలో పశ్చిమాఫ్రికాలోని కొన్ని ప్రావిన్సుల సరుకు ‘బానిసలు’. బట్టకూ సుగంధ ద్రవ్యాలకూ ఉన్నట్టే దానికీ ఓ రంగు, ఓ ధర ఉంటాయి. మనుషులను లెక్కల్లోకి కుదించిన వలస పాలన బుద్ధి లోపలినుంచి ఎలా పనిచేసేదో దీనికంటే సూటిగా చెప్పడం కష్టం. పాఠ్యపుస్తకం ఆ దౌర్జన్యాన్ని వివరిస్తుంది, ఆట మనచేతే ఆ లెక్క వేయిస్తుంది.

వాణిజ్య పటం దగ్గర మాత్రం ఆట తడబడుతుంది. వాణిజ్య ప్రవాహాల దిశ ముందే ఖాయమై ఉంటుంది. ప్రపంచ సంపదంతా చివరికి ఇంగ్లిష్ ఛానల్, జెనోవా, వెనిస్‌ల వైపే పారుతుంది. కోరమాండల్ తీరం మీ చేతిలో ఉన్నా ఆ ప్రవాహాన్ని వెనక్కి మళ్లించలేరు. నిజ చరిత్రలో 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు మన మచిలీపట్నానికి వచ్చింది అద్దకపు బట్టల కోసం. వాటిని కొనడానికి వాళ్లు వెండి మోసుకొచ్చారు. ఆ వెండికి ఈ పటంలో దారి లేదు.

ఇదే సంస్థ 2022లో తెచ్చిన ‘విక్టోరియా 3’ ఒక అడుగు ముందుకేసింది. వలసకు గురయ్యే ఆఫ్రికా సమాజాలు అక్కడ పేర్లతో సహా పటంలో ఉంటాయి, ఒత్తిడి ముదిరితే ఎదురుతిరుగుతాయి. అయినా వాటి తరఫున ఆడే వీలు లేదు.

ఈ ఆటలను పిల్లలు ఆడుతుంటే వారించనక్కర్లేదు. పక్కన కూర్చుని, ఖాళీగా కనిపిస్తున్న ఆ నేలమీద ఎవరుండేవారో అడగండి. జవాబు కోసం వాళ్లు పుస్తకం తెరిస్తే ఆట తన పని చేసినట్టే.